కోకో దేశం, పామాయిల్ దేశం: తలసరి ఆదాయాల్లో అంతరం పెరిగిన వైనం

ఘనా, మలయా దేశాలు ఒకే ఏడాది స్వాతంత్ర్యం పొందాయి. 1957 మార్చి 6న ఘనాలోనూ, అదే ఏడాది ఆగస్టు 31న మలయాలోనూ బ్రిటిష్ జెండా దిగింది. 1963లో మలయా మరికొన్ని ప్రాంతాలతో కలిసి మలేసియాగా ఏర్పడింది. 1965లో సింగపూర్ విడిపోయింది. రెండు దేశాలదీ వేడి, వాన కలిసిన వాతావరణమే. రెండూ అప్పట్లో ముడిసరుకు అమ్ముకుని బతికినవే. ఘనాకు కోకో, బంగారం, కలప ఆధారం కాగా, మలయాకు రబ్బరు, తగరం ఆధారం. జనాభాలో కూడా పెద్ద తేడా లేదు. 2021 జనగణనలో ఘనా జనాభా 3 కోట్ల 8 లక్షలు. 2020 జనగణనలో మలేసియా జనాభా 3 కోట్ల 24 లక్షలు.

ఆదాయాల సంగతి మాత్రం వేరు. ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 1960లో ఘనా తలసరి ఆదాయం సుమారు 180 డాలర్లు, మలేసియాది సుమారు 235 డాలర్లు. అంటే తేడా మూడో వంతుకు మించలేదు. 2023లో ఘనాది సుమారు 2,250 డాలర్లు కాగా మలేసియాది సుమారు 11,500 డాలర్లు. అంతరం ఐదు రెట్లకు చేరింది.

సరకుల ధరవరలు ప్రతి పూటా చూసే వర్తకులకు ఈ పోలిక రెండు విధాల పనికివస్తుంది. ముడిసరుకు అమ్మే దేశం ఎప్పుడు ఎదుగుతుంది, ఎప్పుడు చతికిలపడుతుంది అన్నది మొదటిది. ఒక దేశం ఆదాయాన్ని డాలర్లలో చెప్పినప్పుడు ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చు అన్నది రెండోది. రెండో విషయం తేలనిదే మొదటిది తేలదు.

డాలరు విలువ తరిగిన సంగతి

ముందుగా డాలరునే తూకం వేయాలి. 1960లో అమెరికాలో ఒక డాలరుకు దొరికిన వస్తువులు కొనాలంటే 2023లో సుమారు 10 డాలర్లు పెట్టవలసి వచ్చింది. ఈ లెక్కన ఘనా 1960 నాటి 180 డాలర్లు 2023 డాలర్లలో 1,800 అవుతాయి. ఆ ఏడాది నిజంగా ఉన్నది 2,250. అంటే 63 ఏళ్లలో పెరుగుదల నాలుగో వంతు మాత్రమే. మలేసియా 235 డాలర్లు ఇదే లెక్కన 2,350 అవుతాయి. ఉన్నది 11,500. అది దాదాపు ఐదింతలు. పైకి చూస్తే ఘనా ఆదాయం 12 రెట్లు పెరిగినట్లు కనిపించినా, అందులో అత్యధిక భాగం డాలరు విలువ తరగడం వల్ల వచ్చిన వాపేనని గమనించాలి.

చరిత్రకారుడు ఆంగస్ మాడిసన్ 1990 నాటి స్థిర ధరల్లో వేసిన లెక్కలు కూడా ఇదే మాట చెబుతాయి. ఆయన అంచనాలో 1973లో ఘనా తలసరి ఆదాయం సుమారు 1,400 డాలర్లు. 1990 నాటికి అది సుమారు 1,060కి పడిపోయింది. అదే 17 ఏళ్లలో మలేసియాది 2,560 నుంచి సుమారు 5,130కి పెరిగి రెట్టింపయింది. ఏటా నాలుగు శాతం చొప్పున పెరిగితే 18 ఏళ్లలో ఏ మొత్తమైనా రెట్టింపవుతుందని చక్రవడ్డీ తెలిసిన వారికి చెప్పనవసరం లేదు. కాబట్టి అంతరం ముఖ్యంగా ఏర్పడినది ఆ కాలంలోనే. ఒక దేశం పరుగెత్తింది, రెండోది ఆగిపోవడమే కాక వెనక్కి నడిచింది.

రైతు చేతికి వచ్చిన ధర

ఘనా ఆరంభం తీసిపోయినది కాదు. స్వాతంత్ర్యం నాటికి ఆ దేశానికి లండన్‌లో సుమారు 20 కోట్ల పౌన్ల నిల్వలున్నాయి. కోకో ఉత్పత్తిలో ప్రపంచంలో ప్రథమ స్థానం దానిదే. 1964-65 పంట ఐదున్నర లక్షల టన్నులు దాటింది. అయితే అదే 1965లో లండన్‌లో ధర టన్ను వంద పౌన్లకు దిగువకు జారింది. పంట విస్తారంగా పండిన ఏడాదే దేశం చేతిలో డబ్బు లేకుండా పోయింది. 1966 ఫిబ్రవరి 24న ఎన్‌క్రూమా ప్రభుత్వాన్ని సైన్యం కూలదోసింది. ఆ తరువాత 1972, 1978, 1979, 1981 సంవత్సరాలలోనూ పాలన సైనికుల చేతుల మీదుగానే మారింది.

ధర పడిపోవడం ఒక్కటే కారణమైతే 1977లో కోలుకుని ఉండాలి. ఆ ఏడాది న్యూయార్క్‌లో కోకో టన్ను 5,000 డాలర్లకు ఎగబాకింది. కాని ఆ తేజీ రైతు గడప దాకా చేరలేదు. కోకో అంతా 1947లో ఏర్పడిన మార్కెటింగ్ బోర్డే కొనాలి, బోర్డే అమ్మాలి. రైతుకు ఇచ్చే ధర బోర్డు నిర్ణయిస్తుంది. విదేశీ ధరకూ ఆ ధరకూ మధ్య మిగిలినది ఖజానాకు పోతుంది. ధర గిట్టకపోవడంతో రైతులు కొత్త మొక్కలు నాటడం మానుకున్నారు. ముసలి చెట్లకు మందు కొట్టడం కూడా తగ్గించారు. సరిహద్దు గ్రామాల్లో గింజలు రాత్రికి రాత్రి ఐవరీ కోస్ట్‌కు, టోగోకు తరలిపోయాయి. 1970ల చివరి నాటికి ప్రథమ స్థానం ఐవరీ కోస్ట్‌కు దక్కింది. 1983-84లో ఘనా పంట 1 లక్ష 59 వేల టన్నులకు పడిపోయింది. ఇది ఇరవై ఏళ్ల కిందటి పంటలో మూడో వంతు కూడా కాదు.

మారకపు రేటు మాయ

1981-82లో బోర్డు రైతుకు ప్రకటించిన ధర టన్నుకు 12,000 సెడీలు. అధికార మారకపు రేటు డాలరుకు 2.75 సెడీలు. ఆ రేటు చొప్పున రైతుకు టన్నుకు 4,360 డాలర్లు ముట్టినట్లు లెక్క. 1982లో ప్రపంచ మార్కెట్ ధర సగటున సుమారు 1,750 డాలర్లే. కాగితం మీద చూస్తే ప్రపంచంలో ఏ కోకో రైతుకూ రానంత ధర ఘనా రైతుకు వచ్చినట్లు, బోర్డు నష్టానికి కొంటున్నట్లు కనిపిస్తుంది.

అదే సమయంలో నల్లబజారులో డాలరు 60 సెడీలు దాటింది. ఆ రేటున 12,000 సెడీలంటే 200 డాలర్లు. గుడ్డ, సబ్బు, కిరసనాయిలు రైతు కొనుక్కోవలసినది నల్లబజారు ధరకే కనుక అతనికి నిజంగా దక్కినది 200 డాలర్లకు దగ్గరే గాని 4,360కి కాదు. ఒకే సరుకు, ఒకే ధర, ఒకే సంవత్సరం. మారకపు రేటు మారినందున లెక్క ఇరవై రెట్లకు పైగా మారింది.

దేశ ఆదాయమంతటికీ ఇదే చిక్కు. అందుకే ఇటువంటి సంవత్సరాలకు ప్రపంచ బ్యాంకు అధికార రేటును పక్కన పెట్టి సవరించిన రేటు వాడుతుంది. ఏ రేటు వాడారో తెలియకుండా ఆనాటి ఘనా తలసరి ఆదాయాన్ని డాలర్లలో ఉటంకించడం, తూకపు రాయి చూడకుండా సరుకు కొన్నట్లే.

1983లో కష్టాలన్నీ ఒక్కసారే చుట్టుముట్టాయి. వానలు లేవు. కార్చిచ్చులకు కోకో తోటలు తగలబడ్డాయి. నైజీరియా వెళ్లగొట్టిన సుమారు పది లక్షల మంది ఘనా వాసులు ఇల్లు చేరారు. ధరలు ఏడాదిలో 120 శాతానికి పైగా పెరిగాయి. ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆర్థిక పునరుద్ధరణ కార్యక్రమం చేపట్టింది. సెడీ విలువను విడతలుగా తగ్గించి, రైతుకిచ్చే ధరను 1983-84లో 20,000 సెడీలకు, మరుసటి ఏడాది 30,000కు పెంచింది. పంట మెల్లగా తేరుకుంది. 2010-11 నాటికి పది లక్షల టన్నులు దాటింది.

ఆఫ్రికా విత్తు, మలయా నేల

మలేసియాకు సంపద తెచ్చిన పామాయిల్ చెట్టు పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికాయే. 1848లో జావాలోని బోగోర్ తోటకు నాలుగు మొక్కలు చేరాయి. మలయాలో వాణిజ్య తోట వేసినది 1917లో, సెలంగోర్‌లో. రబ్బరుకు కృత్రిమ రబ్బరు పోటీ వచ్చి ధర మందగించడంతో, స్వాతంత్ర్యం తరువాత ప్రభుత్వం తోటలను పామాయిల్ వైపు మళ్లించింది. 1956లో ఏర్పడిన ఫెల్డా సంస్థ అడవి కొట్టించి, భూమి లేని కుటుంబాలకు తలా సుమారు పదెకరాల తోట ఇచ్చింది. ఇలా లక్షకు పైగా కుటుంబాలు స్థిరపడ్డాయి.

1960లో లక్ష టన్నులకు లోపున్న మలేసియా పామాయిల్ ఉత్పత్తి 1980లో 25 లక్షల టన్నులు దాటింది. 2000లో అది 108 లక్షల టన్నులు, 2023లో 185 లక్షల టన్నులు. 1981లో కామెరూన్ నుంచి ఒక చిన్న ముక్కుపురుగును తెచ్చి తోటల్లో వదిలారు. అంతకుముందు పూలకు పుప్పొడిని కూలీలు చేతులతో అద్దేవారు. ఆ పని పురుగు చేయడంతో కూలి ఖర్చు తగ్గింది, గెలలు నిండాయి.

వర్తకులు గమనించవలసిన మరో రెండు చర్యలున్నాయి. మొదటిది సుంకాల విధానం. 1970లలో ముడి నూనెపై ఎగుమతి సుంకం ఉంచి, శుద్ధి చేసిన నూనెకు రాయితీ ఇచ్చారు. దాంతో రిఫైనరీలు దేశంలోనే వెలిశాయి. రెండోది 1980 అక్టోబరులో కౌలాలంపూర్‌లో ముడి పామాయిల్‌కు వాయిదా వ్యాపారం మొదలు కావడం. నేటికీ ముంబయిలోనైనా, కాకినాడలోనైనా నూనె బేరం ఆ ధర చూడనిదే కుదరడం లేదు. ధర నిర్ణయమయ్యే చోటు లండన్ నుంచి పంట పండే దేశానికే మారిందన్నమాట.

మలేసియా తప్పటడుగులు వేయలేదని కాదు. 1981-82లో లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో తగరం ధర నిలబెట్టాలని రహస్యంగా కొనుగోళ్లు జరిపి చేతులు కాల్చుకుంది. 1985 అక్టోబరు 24న అంతర్జాతీయ తగరం మండలి చేతులెత్తేయడంతో ధర కుప్పకూలింది, గనులు మూతపడ్డాయి. అయితే అప్పటికే ఆ దేశం ఒక్క సరుకు మీద ఆధారపడి లేదు. 1972లో పెనాంగ్‌లో స్వేచ్ఛా వాణిజ్య మండలం ప్రారంభమై ఎలక్ట్రానిక్ విడిభాగాల తయారీ సాగుతోంది. 1974లో పెట్రోనాస్ ఏర్పడి చమురు, సహజవాయువు ఆదాయం వస్తోంది. ఒక సరుకు పడినా మరొకటి నిలబెట్టింది.

కోకోలో జరిగినది మరీ విశేషం. 1980లలో ధర బాగున్నప్పుడు మలేసియా రైతులు కోకో వేసి, 1990 నాటికి రెండున్నర లక్షల టన్నుల దాకా పండించారు. ధర పడగానే తోటలు తీసేసి పామాయిల్‌కు మారారు. నేడు అక్కడ కోకో సాగు నామమాత్రం. కాని ఆఫ్రికా గింజలను దిగుమతి చేసుకుని పొడి, వెన్న తీసే మిల్లులు ఏటా 3 లక్షల టన్నులకు పైగా ఆడిస్తున్నాయి. పండించే లాభం వదులుకుని మరపట్టే లాభం ఉంచుకున్నారు.

రాత్రికి రాత్రి పెరిగిన ఆదాయం

2000 సంవత్సరంలో మలేసియా తలసరి ఆదాయం సుమారు 4,050 డాలర్లు, ఘనాది సుమారు 260. అంతరం 15 రెట్లు. 2023లో అది ఐదు రెట్లకు తగ్గింది. ఘనా ఇంతగా పుంజుకున్నదా అన్న సందేహం సహజం.

కొంత పుంజుకున్న మాట నిజమే. 2000లో కోకో సగటు ధర టన్ను 900 డాలర్ల ప్రాంతంలో ఉండి, సెడీ కూడా చితికిపోయిన గడ్డుకాలం. ఆ తరువాత బంగారం, కోకో ధరలు పెరిగాయి. 2010 డిసెంబరులో సముద్ర గర్భం నుంచి చమురు తీయడం మొదలైంది. కాని మరో కారణం కూడా ఉంది. 2010 నవంబరులో ఘనా గణాంకాల శాఖ ఆధార సంవత్సరాన్ని 1993 నుంచి 2006కు మార్చింది. పాత లెక్కల్లోకి సరిగా రాని టెలిఫోన్, బ్యాంకింగ్ వంటి సేవలు చేరడంతో దేశ ఉత్పత్తి ఒక్కరోజులో సుమారు 60 శాతం పెరిగింది. అంతవరకు పేద దేశాల పట్టికలో ఉన్న ఘనా మధ్యాదాయ దేశమయింది. ముందురోజు కంటే ఒక్క బస్తా కోకో కూడా ఎక్కువ పండలేదు. 2018లో మళ్లీ ఆధార సంవత్సరం మార్చగా 2017 ఉత్పత్తి మరో నాలుగో వంతు పెరిగింది. 2006కు ముందు, తరువాత అంకెలను ఒకే గీతగా గీసి చూపేవారు ఈ అతుకును గుర్తించాలి.

మలేసియా వైపూ ఇటువంటి మెలికలున్నాయి. 1997 సంక్షోభంలో రింగిట్ పడిపోవడంతో తలసరి ఆదాయం ఒక్క ఏడాదిలో సుమారు 4,600 డాలర్ల నుంచి 3,250కి దిగింది. అంటే దాదాపు 30 శాతం తగ్గుదల. కాని 1998లో దేశ ఉత్పత్తి తగ్గినది 7.4 శాతమే. మిగిలినదంతా మారకపు రేటు చలవే.

అందుకే ఆర్థికవేత్తలు కొనుగోలు శక్తి లెక్కను ఆశ్రయిస్తారు. అక్రాలో ఒక భోజనానికి, ఒక గది అద్దెకు అయ్యే ఖర్చును కౌలాలంపూర్ ఖర్చుతో సరిచూసి వేసే లెక్క ఇది. ఈ కొలతలో 2000లో అంతరం 15 రెట్లు కాదు, ఆరు రెట్ల ప్రాంతమే. 2023లో అది సుమారు ఐదు. అంటే ఈ శతాబ్దంలో ఘనా కొంత దగ్గరైంది గాని, డాలర్ల లెక్క చూపినంతగా కాదు. విదేశీ సరుకు కొనే శక్తి తెలియాలంటే డాలర్ల లెక్క, ఇంట్లో పూట గడిచే తీరు తెలియాలంటే కొనుగోలు శక్తి లెక్క చూడాలి. రెంటినీ కలిపివేస్తే తప్పుదారి పడతారు.

సగటు చాటున

తలసరి అంటే అందరికీ సమానంగా అందినదని కాదు. మలేసియా ద్వీపకల్పంలో 1970లో దాదాపు సగం కుటుంబాలు దారిద్ర్యరేఖకు దిగువనే ఉన్నాయి. 1969 మే అల్లర్ల తరువాత 1971లో తెచ్చిన నూతన ఆర్థిక విధానం ఆ స్థితిని చాలావరకు మార్చింది. అయితే దాని ఫలితాలు ముఖ్యంగా మలయ్ జాతీయులను ఉద్దేశించినవి. కంగాణీల ద్వారా ఓడలెక్కి రబ్బరు, కొబ్బరి తోటలకు వెళ్లిన తెలుగు, తమిళ కూలీల సంతతి తోటలు చేతులు మారినప్పుడు పనీ ఇల్లూ రెండూ పోగొట్టుకున్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి. పేరక్ రాష్ట్రంలోని బగాన్ దతో పరిసరాల్లో నేటికీ తెలుగు కుటుంబాలున్నాయి. దేశం సగటు వారి బతుకు చెప్పదు.

దేశంలో తయారైన ఆదాయమంతా దేశస్థులదేననీ అనుకోరాదు. స్వాతంత్ర్యం తరువాత కూడా మలయా తోటల లాభాలు లండన్ వాటాదార్లకే చేరేవి. 1981 సెప్టెంబరు 7న మలేసియా ప్రభుత్వ పెట్టుబడి సంస్థ లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో కొన్ని గంటల్లోనే గథ్రీ కంపెనీ వాటాలు కొని, ఆ తోటలను స్వాధీనం చేసుకున్నది ఇందుకే. ఘనాలో బంగారం గనుల లాభాలలో పెద్ద భాగం నేటికీ విదేశీ కంపెనీలదే.

పాత కథ మళ్లీ

2024 డిసెంబరులో న్యూయార్క్‌లో కోకో టన్ను 12,000 డాలర్లు దాటి చరిత్రలో ఎరుగని ధర పలికింది. ఘనాకు ఇది పండుగ కావలసింది. కాని అక్కడ పంటను ముందుగానే వాయిదా బేరాలకు అమ్మే ఆనవాయితీ ఉంది. ధర పెరగక ముందే పాత ధరకు అమ్మిన సరుకు చాలా ఉండగా, తెగులు వల్ల, చెట్లు ముసలివి కావడం వల్ల, బంగారం కోసం తోటలు తవ్వివేయడం వల్ల పంట తగ్గింది. 2023-24కు రైతుకు ప్రకటించిన ధర టన్నుకు 20,928 కొత్త సెడీలు, అంటే సుమారు 1,800 డాలర్లు. 2024 ఏప్రిల్‌లో ప్రపంచ ధర 10,000 డాలర్లు దాటింది. గింజలు మళ్లీ సరిహద్దు దాటాయి. అంతకుముందే, 2022 డిసెంబరులో ఘనా విదేశీ రుణాల చెల్లింపు నిలిపివేసి, 2023 మేలో అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 300 కోట్ల డాలర్ల సాయం పొందింది.

ఈ సంగతులు గోదావరి ప్రాంత వర్తకులకు దూరపు కబుర్లు కావు. దేశంలో ఆయిల్ పామ్ సాగులో ఆంధ్రప్రదేశ్ ముందున్నది. ఏలూరు జిల్లా తోటల్లో కొబ్బరి, పామాయిల్ చెట్ల నీడన కోకో అంతరపంటగా పండుతోంది. ఘనా పంట, మలేసియా పంట ఒకే గట్టు మీద నిలిచిన చోటు ఇది. 2024 వేసవిలో కోకో గింజల ధర కిలో వెయ్యి రూపాయల దాకా పలికింది. 2025లో సగానికి పడిపోగా రైతులు ఆందోళనకు దిగారు. రాష్ట్ర ప్రభుత్వం కిలోకు 50 రూపాయల చొప్పున ఆదుకోవలసి వచ్చింది.

రెండు దేశాల అరవై ఏళ్ల లెక్క చూస్తే సరుకు ధర ఒక్కటే దేశం తలరాత రాయలేదని తేలుతుంది. ధర రెండు దేశాల్లోనూ లేచింది, పడింది. లేచినప్పుడు అందులో రైతుకు ఎంత మిగిలింది, ఆ డబ్బుతో కొత్త మొక్క, మిల్లు, మరో సరుకు వచ్చాయా లేదా అన్నదే తేడా తెచ్చింది. ఏ సరుకుకైనా తేజీ వచ్చినప్పుడు కొనుగోలుదార్లు ముందుగా చూడవలసినది రేవు ధరను కాదు, తోట దగ్గరి ధరను. ఆ రెంటి మధ్య దూరం విపరీతంగా పెరిగిన చోట నాలుగైదేళ్లలో పంట తగ్గక తప్పదని ఘనా అనుభవం చెబుతోంది.